మారేదేది, మారనిదేది: బీజగణితం మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకేచోట చిక్కుపడ్డాయి. అంకెలతో ఎంత పెద్ద లెక్కైనా హాయిగా చేసే పిల్లలు అక్షరం కనబడగానే ఆగిపోతున్నారని తల్లిదండ్రులు రాశారు. పిల్లలు ఇంకా సూటిగా అడిగారు. చరరాశి, స్థిరరాశి గురించి వచ్చిన ఉత్తరాలు ఏరి ఈ నెల పేజీలన్నీ వాటికే ఇస్తున్నాను. ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్పే నాకు సిలబస్ మొత్తంలో ఇది చాలా ఇష్టమైన చోటు. ఇక్కడ కాలు గట్టిగా ఆనితే ఇంటర్ దాకా నడక తేలికవుతుంది. ఇక్కడ తడబడ్డ పిల్లలు సూత్రాలు బట్టీపట్టి నెట్టుకొస్తారు. వాళ్లను చూస్తే నాకు మనసు కష్టమవుతుంది.

మొదటే ఒక మాట. మీ పుస్తకాల్లో ఎక్స్, వై అని ఉన్నచోట నేను ‘క’, ‘చ’ లాంటి తెలుగు అక్షరాలు రాస్తాను. దానివల్ల లెక్కలో తేడా ఏమీ రాదు. 3క అంటే 3 × క. అంకె, అక్షరం ఆనుకుని ఉంటే మధ్యలో గుణకారం ఉందని అర్థం.

ప్రశ్న: క + 7 = 12 లెక్కలో ‘క’ విలువ 5 వచ్చింది. 5 తప్ప ఇంకేదీ కుదరదు. ఒక్క విలువే ఉన్నప్పుడు దాన్ని చరరాశి అని ఎందుకంటారు? మా క్లాసులో అడిగితే ‘అక్షరం కాబట్టి’ అన్నారు. (ఏడో తరగతి విద్యార్థిని)

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ. చాలామందికి ఈ అనుమానం రాదు, వచ్చినవాళ్లు అడగరు. నువ్వు అడిగావు, సంతోషం.

ముందు ఆ లెక్కలో ‘= 12’ అన్న ముక్కను వేలితో మూసెయ్యి. మిగిలింది క + 7. దీన్ని సమాసం అంటాం. ఇందులో ‘క’ ఇంతే ఉండాలని ఎవరూ షరతు పెట్టలేదు. 1 వేస్తే 8 వస్తుంది. 2 వేస్తే 9, 100 వేస్తే 107, −7 వేస్తే 0. ‘క’ మారినకొద్దీ మొత్తం మారుతోంది, ఆ 7 మాత్రం ఉన్నచోటే ఉంది. కాబట్టి ‘క’ చరరాశి, 7 స్థిరరాశి. ఇంతవరకు పేచీ లేదు కదా?

ఇప్పుడు వేలు తియ్యి. ‘= 12’ వచ్చి చేరింది. అది ఒక షరతు. క + 7 = 12 అన్నది ఇప్పుడొక వాక్యం. అది నిజమో అబద్ధమో ‘క’ స్థానంలో ఏం పెడతామన్నదాన్ని బట్టి ఉంటుంది. 3 పెట్టి చూడు: 10 = 12, అబద్ధం. 4 పెట్టు: 11 = 12, అదీ అబద్ధమే. 5 పెట్టు: 12 = 12, నిజం. 6 పెడితే మళ్లీ అబద్ధం. చూశావా, ఆ చోట్లోకి ఏ సంఖ్యైనా వచ్చి కూర్చోవచ్చు. షరతుకు నిలబడేది మాత్రం 5 ఒక్కటే. సమీకరణం సాధించమంటే వాక్యాన్ని నిజం చేసే సంఖ్యను పట్టుకోమని. లెక్క పూర్తయ్యాక ‘క’ విలువ తెలిసిపోయింది కాబట్టి ఇక అది మారదని నీకు అనిపిస్తోంది. నువ్వు వెతకడం మొదలుపెట్టినప్పుడు మాత్రం అన్ని సంఖ్యలూ బరిలో ఉన్నాయి. ఇలాంటి లెక్కల్లో ‘క’ను ‘తెలియని రాశి’ అని కూడా అంటారు. నీ లెక్కకు ఆ పేరు ఇంకా బాగా అతుకుతుంది.

‘ఒక్క విలువే కుదురుతుంది’ అన్నది కూడా అన్నిసార్లూ నిజం కాదు. క × క = 9 తీసుకో. 3 కుదురుతుంది, −3 కూడా కుదురుతుంది. క + 7 = క + 9 తీసుకో. ఎంత వెతికినా ఏ సంఖ్యా కుదరదు. క + క = 2క తీసుకో. నువ్వు ఏ సంఖ్య చెప్పినా కుదురుతుంది. ఇలా ఎప్పుడూ నిజమయ్యేదాన్ని సర్వసమీకరణం అంటారు. ఈ మూడు చోట్లా ఉన్నది అదే ‘క’. ఎన్ని సంఖ్యలు కుదరాలో తేల్చేది దాని చుట్టూ ఉన్న వాక్యం.

వెతుకులాటే లేని చోటు కూడా ఒకటుంది. చతురస్రం భుజం ‘భ’, చుట్టుకొలత ‘చ’ అనుకుంటే చ = 4భ. ఇక్కడ ఏదో కనుక్కోమని ఎవరూ అడగడం లేదు. భుజం పెరిగితే చుట్టుకొలత ఎలా పెరుగుతుందో చెబుతున్నాం, అంతే. ‘భ’, ‘చ’ రెండూ మారతాయి. 4 మారదు. చతురస్రం ఎంత పెద్దదైనా భుజాలు నాలుగే కదా.

‘అక్షరం కాబట్టి’ అన్న జవాబు దగ్గర నువ్వు ఆగిపోకపోవడం మంచిదైంది. అది ఎందుకు చాలదో కింద ‘పై’ గురించి వచ్చిన ప్రశ్నలో చదువు.

ప్రశ్న: మా అబ్బాయికి 3క + 7 ఇచ్చి ‘ఇందులో స్థిరపదం ఏది’ అని అడిగారు. 3, 7 అని రెండూ రాశాడు. తప్పని కొట్టేశారు. 3 కూడా మారదు కదా, మరి వాడిది తప్పెలా అయింది? (ఒక తల్లి)

జవాబు: మీ అబ్బాయి ఆలోచన నిజమేనండి, 3 మారదు. స్థిరరాశులు ఏవని అడిగి ఉంటే 3, 7 రెండూ రాయడం సబబే. అడిగింది స్థిరపదం. సమాసంలో కూడిక గుర్తుల మధ్య విడివిడిగా నిలబడే ఒక్కో ముక్క ఒక్కో పదం. 3క + 7 లో రెండు పదాలున్నాయి: 3క ఒకటి, 7 ఒకటి. 3 విడిగా పదం కాదు, ‘క’తో గుణకారంలో ఉంది. దాన్ని గుణకం అంటాం. చరరాశి లేకుండా ఒంటరిగా ఉన్న పదం 7. అదే స్థిరపదం.

పేర్లు గుర్తుపెట్టుకోవడం కంటే ఆ రెండు అంకెలు చేసే పని వేరని చూపిస్తే పిల్లవాడికి బాగా పడుతుంది. ‘క’కు వరసగా 0, 1, 2, 3, 4 విలువలు ఇచ్చి 3క + 7 ఎంతో రాయమనండి. 7, 10, 13, 16, 19 వస్తాయి. మొదలైంది 7 దగ్గర. ఆ తర్వాత ప్రతి అడుగుకీ 3 పెరిగింది. 7ను మార్చి 20 చేయండి: 20, 23, 26, 29, 32. వరస మొత్తం పైకి జరిగింది, అడుగు మాత్రం అంతే ఉంది. ఈసారి 7ను అలాగే ఉంచి 3ను 5 చేయండి: 7, 12, 17, 22, 27. మొదలు కదల్లేదు, అడుగు పెరిగింది. ఈ మూడు వరసలూ ఒకదాని కింద ఒకటి రాసుకుంటే గుణకం పనేమిటో, స్థిరపదం పనేమిటో మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త చెప్పండి. 3క − 7 ఇస్తే స్థిరపదం −7. గుర్తు వదిలేసి 7 అని రాసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు.

ప్రశ్న: సున్న స్థిరరాశేనా? (ఆరో తరగతి విద్యార్థి)

జవాబు: అవును బాబూ. సున్న ఒక సంఖ్య, దాని విలువ మారదు. −5, 2/3, 0.75 ఇవన్నీ కూడా స్థిరరాశులే.

ప్రశ్న: ‘అక్షరమైతే చరరాశి, అంకైతే స్థిరరాశి’ అని నోట్సులో రాయించారు. వృత్తం లెక్కల్లో ‘పై’ వస్తుంది. అది అక్షరమే కదా. మరి చరరాశి అవ్వాలి కదా? (ఎనిమిదో తరగతి విద్యార్థి)

జవాబు: ఆ వాక్యం మొదటి వారం పాఠానికి పనికొస్తుంది. ఆ తర్వాత అదే అడ్డుపడుతుంది. నోట్సులో దాని పక్కన ఇంకో వాక్యం రాసుకో: ‘ఈ లెక్కలో దాని విలువ మారవచ్చా, మారకూడదా?’ అని ప్రతిసారీ అడగాలి. చూడటానికి అక్షరమా, అంకా అన్నది తర్వాతి సంగతి.

వృత్తం వ్యాసార్థం ‘వ’, చుట్టుకొలత ‘చ’ అనుకుంటే చ = 2 × పై × వ. ఇందులో ‘వ’ నీ ఇష్టం. చిన్న వృత్తం గీస్తే చిన్నది, పెద్దది గీస్తే పెద్దది. దాంతోపాటు ‘చ’ మారుతుంది. ఏ వృత్తం తీసుకున్నా చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే మాత్రం ఒకే సంఖ్య వస్తుంది: 3.14159... అలా దశాంశాలు సాగుతూనే ఉంటాయి. ఏ భిన్నంగానూ దాన్ని కచ్చితంగా రాయలేమని 1761లో యోహాన్ లాంబర్ట్ అనే గణితవేత్త నిరూపించాడు. ఆ సంఖ్యను పూర్తిగా రాసే దారి లేదు కాబట్టే దానికొక గ్రీకు అక్షరాన్ని గుర్తుగా పెట్టుకున్నాం. విలియం జోన్స్ 1706లో అచ్చులో అలా వాడాడు, తర్వాత ఆయిలర్ వాడకంతో అది అందరికీ అలవాటైంది. ఒక స్థిరమైన సంఖ్యకు పెట్టిన పేరు అది. పేరు అక్షరంలో ఉన్నంత మాత్రాన సంఖ్య కదలదు.

ఈ సందర్భంలోనే ఇంకోటి చెబుతాను. ‘పై విలువ 22/7’ అని చాలామంది రాస్తారు. 22/7 అంటే 3.142857... మూడో దశాంశ స్థానం దగ్గరే తేడా కనిపిస్తుంది. లెక్కకు దగ్గరగా ఉంటుందని వాడుకుంటున్నామే తప్ప రెండూ ఒకటి కావు.

అన్ని స్థిరరాశులూ ‘పై’ అంత గట్టివి కూడా కాదు. కింద పడే వస్తువుల లెక్కల్లో గురుత్వ త్వరణం 9.8 అని వేస్తారు, యూనిట్లు మీటర్లు, సెకన్లలో. ఆ లెక్క చేస్తున్నంతసేపూ అది స్థిరరాశి. నిజానికి భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 9.78, ధ్రువాల దగ్గర సుమారు 9.83. ఒకేచోట నిలబడి రాయి వదిలే లెక్కలో దాన్ని స్థిరంగా ఉంచుతాం. భూమి మీద చోటు మారితే ఏమవుతుందని అడిగే లెక్కలో అదే చరరాశి అవుతుంది. ‘ఈ లెక్కలో’ అన్న మాట నోట్సులో ఎందుకు రాసుకోమన్నానో ఇప్పుడు అర్థమైందా?

ప్రశ్న: నేను ఉద్యోగానికి పోటీ పరీక్షలు రాస్తున్నాను. సమీకరణం ఇస్తే సాధించగలను. మాటల్లో ఇచ్చిన లెక్కను సమీకరణంగా మార్చాలంటే తప్పుతోంది. ‘గంటలను గ, నిమిషాలను న అనుకుని వాటి మధ్య సంబంధం రాయండి’ అంటే నేను గ = 60న అని రాశాను. 1 గంట = 60 నిమిషాలు కదా. తప్పన్నారు. ఎక్కడ తప్పో నాకు కనబడటం లేదు. (ఒక పాఠకుడు)

జవాబు: మీరు పడిన చోటే ఎంతో చదువుకున్నవాళ్లు కూడా పడతారండి. కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను.

మీ సమీకరణంలో విలువలు వేసి చూద్దాం. 2 గంటలు తీసుకోండి. గ = 2. మీరు రాసిన దాని ప్రకారం 2 = 60న, అంటే న = 2/60, అంటే 1/30. రెండు గంటలకు నిమిషంలో ముప్ఫయ్యో వంతు అని వచ్చింది. రావలసింది 120. ఇప్పుడు న = 60గ అని రాసి చూడండి. గ = 2 అయితే న = 120. గ = 3 అయితే న = 180. సరిపోయింది.

మరి ‘1 గంట = 60 నిమిషాలు’ అన్న వాక్యం తప్పా? తప్పు కాదు. ఆ వాక్యంలో ‘గంట’, ‘నిమిషం’ అన్నవి యూనిట్ల పేర్లు. మీరు ఆ పేర్లను పొడి అక్షరాలుగా కుదించి, వాక్యాన్ని ఎడమ నుంచి కుడికి ఉన్నదున్నట్టు దించేశారు. బీజగణితంలో అక్షరం ఏ వస్తువుకీ, ఏ యూనిట్‌కీ పొడి పేరు కాదు. అది ఎప్పుడూ ఒక సంఖ్య. ‘గ’ అంటే గంట కాదు, ఎన్ని గంటలో చెప్పే సంఖ్య. ‘న’ అంటే ఎన్ని నిమిషాలో చెప్పే సంఖ్య. ఒకే సమయాన్ని రెండు రకాలుగా కొలిస్తే నిమిషాల సంఖ్య పెద్దది, గంటల సంఖ్య చిన్నది. చిన్నదాన్ని 60తో గుణిస్తేనే పెద్దది వస్తుంది. అందుకే 60 ‘గ’ పక్కన నిలబడింది.

నేను క్లాసులో ఒక అలవాటు చేయిస్తాను, మీరూ చేసుకోండి. సమీకరణం రాయబోయే ముందు ప్రతి అక్షరానికీ ఒక పూర్తి వాక్యం రాయాలి. ‘గ = గంటలు’ అని రాస్తే ఒప్పుకోను. ‘గ = గంటల సంఖ్య’ అని రాయాలి. ‘భ = భుజం’ అంటే ఒప్పుకోను. ‘భ = భుజం పొడవు, సెంటీమీటర్లలో’ అనాలి. ‘వయసు’ అంటే చాలదు, ఎవరి వయసో, ఎప్పటిదో, ఏళ్లలోనో నెలల్లోనో రాయాలి. మొదట్లో పిల్లలు విసుక్కుంటారు. ఆ వాక్యం రాసిన కాగితం మీద మీరు చేసిన పొరపాటు దాదాపు రాదు. పేపర్లు దిద్దేటప్పుడు నా చూపు ముందు ఆ వాక్యం కోసమే వెతుకుతుంది.

రెండో అలవాటు, సమీకరణం రాశాక సులువైన విలువ వేసి చూడటం. మీకు జవాబు ముందే తెలిసిన విలువ తీసుకోవాలి. ఏ విలువ అన్నదాంట్లోనూ జాగ్రత్త కావాలి. దీనికి ఇంకో ఉత్తరం జతచేస్తాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు 2క + 3చ = 5కచ అని రాసి, ‘క = 1, చ = 1 వేసి సరిచూశాను, రెండువైపులా 5 వచ్చింది, అయినా ఎందుకు కొట్టేశారు’ అని అడిగింది. సరిచూడాలన్న బుద్ధి పుట్టినందుకు ఆ అమ్మాయిని మెచ్చుకోవాలి. ఎంచుకున్న సంఖ్య దెబ్బతీసింది. 1తో ఎన్నిసార్లు గుణించినా విలువ మారదు కాబట్టి కూడవలసిన చోట గుణించినా అది బయటపెట్టదు. క = 2, చ = 3 వేయమ్మా. ఎడమవైపు 4 + 9 = 13. కుడివైపు 5 × 2 × 3 = 30. తేలిపోయింది. 0, 1 రెండూ మంచి సాక్షులు కావు. 2, 3, 5 లాంటివి వేయాలి, ఒక్కో అక్షరానికి ఒక్కో వేరే సంఖ్య.

ఈ అమ్మాయి పొరపాటు, మీ పొరపాటు ఒకే వేరు నుంచి వచ్చాయి. అక్షరాన్ని వస్తువు అనుకుంటే రెండు ఇవీ, మూడు అవీ కలిపి ఐదు అని కుప్ప పోయాలనిపిస్తుంది. సంఖ్య అనుకుంటే, ఒక తెలియని సంఖ్యకు రెండు రెట్లు, ఇంకో తెలియని సంఖ్యకు మూడు రెట్లు. వాటి విలువలు తెలిసేదాకా అవి విడివిడిగానే ఉంటాయి. వాటినే విజాతి పదాలు అంటాం. 2క + 3క మాత్రం 5క అవుతుంది, ఎందుకంటే రెండుచోట్లా ఉన్నది ఒకే సంఖ్య.

ప్రశ్న: సంఖ్యల బదులు అక్షరాలు రాయాలని మొదట ఎవరికి తోచింది? (ఒక పాఠకురాలు)

జవాబు: ఇది ఒక్కరి చేతి మీదుగా జరిగిన పని కాదండి. తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ సమీకరణాల మీద గొప్ప గ్రంథం రాశాడు. అందులో గుర్తులు లేవు, లెక్కంతా మాటల్లోనే నడిచింది. మన దగ్గర అంతకు ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు తెలియని రాశులకు రంగుల పేర్లు వాడాడు. 1150 ప్రాంతంలో రెండో భాస్కరుడు రాసిన ‘బీజగణితం’లో ఈ పద్ధతి చాలా తేటగా కనిపిస్తుంది. మొదటి తెలియని రాశికి ‘యావత్తావత్’, ఆ తర్వాత వాటికి కాలకం, నీలకం, పీతకం, లోహితం. లెక్కలో మొదటి అక్షరాలు మాత్రం రాసేవారు: యా, కా, నీ, పీ, లో. స్థిరపదానికి కూడా ఒక గుర్తుండేది, ‘రూ’. మనం 3క + 7 = 22 అని రాసేదాన్ని ఆ పద్ధతిలో రెండు వరసలుగా, ఒకదాని కింద ఒకటి రాస్తారు:

యా 3 రూ 7
యా 0 రూ 22

పై వరస ఎడమవైపు, కింది వరస కుడివైపు. కుడివైపు తెలియని రాశి లేకపోయినా దాని చోటు వదిలెయ్యకుండా సున్న వేశారు చూడండి. సజాతి పదాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, తీసివేత కళ్లకు కనిపిస్తుంది. రుణ సంఖ్య అయితే దాని తల మీద చుక్క పెట్టేవారు. నాకు ఈ అమరిక అంటే ఎంతో ఇష్టం. పదాలు పక్కకు మార్చేటప్పుడు గుర్తులు తప్పే పిల్లలకు ఇలా రాయమని చెబుతాను. పై వరసలోంచి 7, కింది వరసలోంచి 7 తీసేస్తే యా 3, రూ 15 మిగులుతాయి. యా విలువ 5.

ఐరోపాలో ఫ్రాన్స్‌వా వియెత్ 1591లో ఇంకో పెద్ద అడుగు వేశాడు. తెలియని రాశులకే కాకుండా, తెలిసిన రాశులకు కూడా అక్షరాలు పెట్టాడు. వాటికి అచ్చులు, వీటికి హల్లులు. దానివల్ల ఒక్కో లెక్కను విడిగా చేయడం పోయి, ఒక జాతి లెక్కలన్నిటికీ ఒకేసారి సూత్రం రాయడం వచ్చింది. ఇప్పుడు మన పుస్తకాల్లో ఉన్న అలవాటు, అంటే ఇంగ్లిషు అక్షరమాల చివరి అక్షరాలు తెలియని రాశులకు, మొదటి అక్షరాలు తెలిసిన రాశులకు వాడటం, రెనె డెకార్ట్ 1637లో అచ్చువేసిన జ్యామితి గ్రంథం నుంచి వచ్చింది.

ప్రశ్న: సరళరేఖ సమీకరణంలో నాలుగు అక్షరాలుంటాయి: వై = ఎమ్ఎక్స్ + సి. ఇందులో ఎమ్, సి చరరాశులా, స్థిరరాశులా? వాటికీ రకరకాల విలువలు ఇస్తున్నాం కదా. (ఇంటర్ విద్యార్థి)

జవాబు: వియెత్ వేసిన అడుగు నీకు ఇక్కడే ఎదురవుతోంది. దీన్ని రెండు దశల్లో చూడు. మొదట ఎమ్, సి విలువలు ఎంచుకుంటావు, ఎమ్ = 2, సి = 1 అనుకో. అక్కడితో ఒక రేఖ ఖాయమైంది. ఆ తర్వాత ఆ రేఖ మీద ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు కదులుతావు. కదిలేటప్పుడు ఎక్స్, వై మారతాయి. 2, 1 మారవు. వాటిని కదిలిస్తే నువ్వు వేరే రేఖ మీదకు వెళ్లిపోయినట్టు. ఒక రేఖ మీద ఉన్నంతసేపు స్థిరంగా ఉండి, రేఖకూ రేఖకూ మారే వీటిని పరామితులు అంటారు.

ఇది పుస్తకంలో మాత్రమే ఉండే సంగతి కాదు. సెల్సియస్ డిగ్రీలను ఫారెన్‌హీట్‌లోకి మార్చే సూత్రం చూడు: ఫ = (9/5)స + 32. ఇది ఆ సరళరేఖే. ఎమ్ స్థానంలో 9/5, సి స్థానంలో 32 వచ్చి కూర్చున్నాయి. ‘స’, ‘ఫ’ రోజూ మారతాయి, ఆ రెండూ మారవు. నీటి గడ్డకట్టే స్థానం ఒక స్కేలులో 0, ఇంకోదాంట్లో 32. మరిగే స్థానం ఒకదాంట్లో 100, ఇంకోదాంట్లో 212. వంద అడుగులకు 180 పెరిగింది, 180/100 అంటే 9/5. రెండు స్కేళ్లూ ఒకే అంకె చూపించే చోటు ఏదో నువ్వే కనుక్కో. ‘ఫ’ బదులు ‘స’ రాస్తే చరరాశి ఒక్కటే మిగులుతుంది. జవాబు −40 రావాలి.

ప్రశ్న: నేను పదో తరగతితో చదువు ఆపేశాను. లెక్కల్లో అంత గట్టిదాన్ని కాదు. ఏడో తరగతి చదివే మా పాపకు ఇంట్లో ఈ పాఠం ఎలా చెప్పను? (ఒక గృహిణి)

జవాబు: మీకు కావలసింది ఒక దారప్పోగు, గళ్ల కాగితం. మిగతాది పాప చేస్తుంది. దారం రెండు కొసలూ ముడివేసి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లకు తగిలించి దీర్ఘచతురస్రంలా సాగదీయమనండి. వేళ్లు దగ్గరికి, దూరానికి జరుపుతూ ఆకారం మార్చమనండి. పొడవు మారుతోంది, వెడల్పు మారుతోంది. మారనిదేమిటని అడగండి. దారం పొడవు, అంటే చుట్టుకొలత మారడం లేదని పాపే చెబుతుంది. చెప్పేదాకా ఆగండి, ముందే అందించకండి.

తర్వాత కాగితం మీదకు రండి. చుట్టుకొలత 20 గళ్ల పొడవు ఉండేలా ఎన్ని దీర్ఘచతురస్రాలు గీయగలదో గీయమనండి. పొడవు, వెడల్పు కలిపితే ప్రతిసారీ 10 రావాలి. 9, 1 తీసుకుంటే లోపల 9 గళ్లు. 8, 2కు 16. 7, 3కు 21. 6, 4కు 24. 5, 5కు 25. పట్టికలో రాయించి, ఏ నిలువు వరసలో అంకెలు మారాయి, ఏ వరసలో మారలేదు అని అడగండి. పొడవు ‘ప’, వెడల్పు ‘వ’ అని పేరు పెట్టించండి. పైన చెప్పినట్టు ‘ప = పొడవులో ఉన్న గళ్ల సంఖ్య’ అని పూర్తి వాక్యం రాయించండి. అప్పుడు ప + వ = 10 అన్నది పాప నోటినుంచే వస్తుంది.

మర్నాడు లెక్క తిరగెయ్యండి. ఈసారి లోపలి గళ్లు 36 ఉండాలి, అది మారకూడదు. 36, 1 పెడితే చుట్టుకొలత 74. 18, 2కు 40. 12, 3కు 30. 9, 4కు 26. 6, 6కు 24. నిన్న కదలని చుట్టుకొలత ఈరోజు కదులుతోంది, నిన్న కదిలిన వైశాల్యం ఈరోజు ఆగింది. ఏది ఆపాలో ఎవరు నిర్ణయించారని పాపను అడగండి.

పాప జవాబు చెప్పాక, 36 గళ్లకు పొడవు 8 పెడితే వెడల్పు ఎంత ఉండాలో అడగండి. 36ను 8తో భాగిస్తే నాలుగున్నర వస్తుంది. చాలామంది పిల్లలు అక్కడ ‘కుదరదు’ అంటారు. సగం గడి కూడా గీయవచ్చని పాపకు తోచిందో లేదో చూసి, ఏం జరిగిందో నాకు రాయండి.